తరగతి బొమ్మను దేశాలు తిప్పేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ తరగతి పిల్లల తరఫున ఒక మెత్తటి బొమ్మను పోస్టులో ఒక బడి నుంచి ఇంకో బడికి పంపుతూ దేశాలు తిప్పాలనుకుంటున్నావని రాశావు. చాలా సంతోషించాను. ఒక్క సంగతి ముందుగా మనసులో పెట్టుకోమ్మా. బొమ్మ ముందుకు కదలడం అవతలి టీచరు తీరిక మీదే ఆధారపడి ఉంటుంది. ఆవిడకు ఎంత పని తగ్గిస్తే బొమ్మ అంత త్వరగా కదులుతుంది. ఈ ఉత్తరంలో చెప్పేవన్నీ చాలావరకు అందుకోసమే.

బొమ్మ ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు, బరువు 150 గ్రాముల లోపు ఉండాలి. విదేశాలకు పంపే చిన్న పాకెట్ 2 కిలోల దాకా ఉండొచ్చు. కానీ తర్వాతి మజిలీకి పోస్టు ఖర్చు పెట్టేది ఆవిడే కాబట్టి అన్నీ కలిపి అర కిలో దాటనివ్వకు. మన స్టాంపులు వేరే దేశంలో చెల్లవు. అందుకే ఆ ఖర్చు ఎవరిదో మొదటి ఉత్తరంలోనే మొహమాటం లేకుండా తేల్చుకో. కళ్ళు, ముక్కు దారంతో కుట్టినవైతే మంచిది. అతికించిన గుండీలు మూడో చేతికి చేరేసరికి ఊడిపోతాయి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. నొక్కితే పాడే బొమ్మలో బ్యాటరీ ఉంటుంది, దానివల్ల పోస్టులోనే ఆగిపోవచ్చు. గింజలు, ఎండుపూలు నింపిన బొమ్మలను మొక్కల తెగుళ్ళ భయంతో చాలా దేశాలు సరిహద్దులోనే ఆపేస్తాయి. పాలిస్టర్ దూది నింపింది తీసుకో. తెల్లరంగు మాత్రం వద్దు.

అదే బొమ్మ రెండోది కూడా ఇప్పుడే కొని తరగతిలో ఉంచు. వచ్చిన ఫొటోల పక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తుంది. మొదటిది పోతే మాత్రం గుట్టుగా దాని స్థానంలో దీన్ని పెట్టకు. మూతి దగ్గర కుట్టు తేడా కూడా పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పోయిందని చెప్పి, వెతుకుతూ ఉత్తరాలు రాసే పని వాళ్ళకే అప్పగించు.

బడి చిరునామా, ఈ పనికోసమే తెరిచిన ఈమెయిలు గుడ్డపట్టీ మీద చెరగని సిరాతో రాసి బొమ్మ వీపుకు కుట్టించు. మెడలో తగిలించే అట్టముక్క నిలవదు. పిల్లల పేర్లు ఎక్కడా రాయొద్దు.

లెక్క వేసుకోకుండా దారి గీయకు. ఒక్కో బడిలో 10 రోజులు, పోస్టులో 3 వారాలు అనుకుంటే ఒక మజిలీకి నెల పడుతుంది. అయిదు మజిలీలంటే అయిదు నెలలు దాటుతుంది, దానిమీద తిరుగు ప్రయాణం. మొదటిసారికి అయిదు చాలు. దక్షిణార్ధగోళంలో చాలాచోట్ల బడులకు పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిలో వస్తాయి. ఉత్తరాన జూన్ నుంచి ఆగస్టు దాకా ఉంటాయి. మూసిన బడికి చేరిన పార్శిల్ కొన్నాళ్ళు పోస్టాఫీసులో పడి ఉండి వెనక్కి వచ్చేస్తుంది. బొమ్మలు ఆగిపోవడానికి నాకు తెలిసినంతలో ముఖ్యమైన కారణం ఇదే. మజిలీలన్నీ ఒకే దిక్కుగా, తూర్పుకే సాగేలా చూడు. 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట చొప్పున పిల్లలు సమయం కూడుకుంటూ పోతారు. నేపాల్ దగ్గర మనకన్నా 15 నిమిషాలే తేడా వస్తే తికమకపడతారు, పడనీ. తూర్పుగా దినరేఖ (పసిఫిక్ సముద్రం మీదుగా వెళ్ళే, తేదీ మారే ఊహారేఖ) దాటినప్పుడు తేదీ ఒకరోజు వెనక్కి వెళుతుందని బొమ్మ డైరీలో వాళ్ళే రాసుకోవాలి.

కస్టమ్స్ కాగితం దగ్గర చాలామంది తొందరపడతారు. సాధారణంగా అడిగేది సీఎన్ 22 అనే చిన్న పత్రం. అందులో ఉత్త ‘బొమ్మ’ అని రాస్తే చాలదు. ‘వాడిన మెత్తటి బొమ్మ, బడి ప్రాజెక్టు’ అని రాయి. విలువ సున్నా వేస్తే అనుమానం వస్తుంది, నిజమైన చిన్న ధర రాయి. బొమ్మలకు వాడే సుంకపు కోడ్ 9503తో మొదలవుతుంది. ఇప్పుడు చాలా దేశాలు ఈ వివరాలు పార్శిల్‌కన్నా ముందే కంప్యూటర్లో అందాలంటున్నాయి. అందుకే చేత్తో నింపడంతో వదిలేయకుండా పోస్టాఫీసులో ఎక్కించారో లేదో అడుగు. కవరు మీద బడి పేరుతో పాటు ఆ టీచరు పేరు కూడా ఉండాలి, లేకపోతే ఆఫీసు గది బీరువాలో పడుంటుంది.

లోపల ఒకే ఒక్క కాగితం పెట్టు, ఆవిడ భాషలో, పెద్ద అక్షరాలతో. ఏం చేయాలి, ఎన్ని రోజులు, ఏ తేదీకి ఎవరికి పంపాలి, ఇంతే. బొమ్మతో పాటు తిరిగే డైరీ కుట్టు పుస్తకమే కావాలి. తీగ చుట్టిన పుస్తకమైతే తీగ వంగి పేజీలు చిరుగుతాయి. బొమ్మను పోస్టులో వేసే ముందే డైరీ పేజీలు ఫొటో తీసి పంపమని కోరు. ఈ మాట మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పు. అలా చేస్తే దారిలో బొమ్మ పోయినా పిల్లల రాత దక్కుతుంది. ఆ ఊరి గుర్తుగా టికెట్టు, పోస్టుకార్డు, వాడిన స్టాంపు, ఏదో ఒకటి చాలు. ఆకులు, గింజలు, మట్టి, గవ్వలు, ఈకలు, తినుబండారాలు వద్దని స్పష్టంగా రాయి.

‘మీకు నచ్చిన ఫొటోలు పంపండి’ అన్నావంటే ప్రసిద్ధ కట్టడాల ముందు నిలబెట్టిన బొమ్మే వస్తుంది, పిల్లలు రెండు నిమిషాల్లో మర్చిపోతారు. మూడే అడుగు: తరగతి కిటికీలోంచి బయటకు చూస్తున్న బొమ్మ, మధ్యాహ్న భోజనం పక్కన బొమ్మ, నీడ ఫొటో. పిల్లల ముఖాలు అక్కర్లేదు, ఫోనులో లొకేషన్ ఆపమని కూడా చెప్పు.

ఆ నీడ ఫొటో గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు ఇది చాలా ఇష్టమైన పని. బొమ్మ ఒరిగిపోతుంది కనుక దాని నీడ కొలవడం కుదరదు. అందుకే సంచిలో సరిగ్గా 10 సెంటీమీటర్ల పుల్ల, ఒక కాగితపు స్కేలు పెట్టు. చదునైన నేలమీద పుల్లను నిటారుగా నిలిపి, బొమ్మను నీడ పడనివైపు కూర్చోబెట్టి, పది నిమిషాలకోసారి ఫొటో తీయాలి. అన్నిటికన్నా పొట్టి నీడనే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే గడియారం పన్నెండు కొట్టినప్పుడే సూర్యుడు నడినెత్తికి వస్తాడన్న నియమం లేదు. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో తీస్తే లెక్క సులువు. భూమధ్యరేఖ దగ్గర నీడ ఉండదు, 30 డిగ్రీల అక్షాంశంలో 5.8 సెంటీమీటర్లు, 45 డిగ్రీల దగ్గర సరిగ్గా పుల్లంత. అదే రోజు మీ బడిలో కూడా తీయించు. భూమి గుండ్రంగా ఉందన్న వాక్యాన్ని పిల్లలు అప్పుడు తమ చేత్తో కొలుస్తారు.

బొమ్మ చేరాల్సిన రోజుకు వారం ముందు ఆవిడకొక మాట రాయి. చేరాల్సిన తేదీ దాటి రెండు వారాలైనా కబురు లేకపోతే మళ్ళీ మెత్తగా అడుగు, ఆ తర్వాతే పోస్టువాళ్ళని. చివరగా పంపినవాళ్ళ మీద నింద మాత్రం వేయకు.

తిరిగొచ్చిన బొమ్మను పిల్లలకు నేరుగా ఇవ్వకు. 60 డిగ్రీల నీళ్ళకు తట్టుకుంటుందని లేబుల్ మీద ఉంటే అలా ఉతుకు, ధూళి పురుగులు చస్తాయి. లేకపోతే సంచిలో కట్టి ఒక రోజంతా ఫ్రీజర్లో ఉంచి, తర్వాత గోరువెచ్చని నీళ్ళలో ఉతుకు. పైన ఆరినా లోపల దూది తడిగా ఉంటుంది, నొక్కి చూడు. ఆ తడితోనే జిప్ కవర్లో పెట్టావంటే బూజు పడుతుంది.

ఉంటానమ్మా.