బుజ్జమ్మకు, గుర్రం మెడ మీద చెయ్యి వేసే ముందు

కావలి

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు బెంగుళూరులో పందెపు గుర్రాల ఆసుపత్రిలో చేరుతున్నావని, అక్కడ గొంతు ఆపరేషన్లు నేర్చుకుంటావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి పిల్ల గుర్రాల సర్జన్ అవుతోందని మీ అత్తతో రెండుసార్లు చెప్పుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి రాస్తున్నా.

మత్తిచ్చిన గుర్రమైనా తంతుంది, వెనక కాళ్ల దగ్గర నిలబడొద్దు. ఎండోస్కోపుతో, అదే ముక్కు గుండా గొంతులోకి దింపే కెమెరా గొట్టంతో, చూడటం అక్కడి పెద్దలు నేర్పుతారు. నిలబడి ఉన్నప్పుడే కాదు, పరిగెత్తేటప్పుడు కూడా గొంతు చూడాలని అడుగు. వేళకు అన్నం తిను.

నన్ను లేపి కూర్చోబెట్టింది ఇవి కాదు.

ఎడమ వైపు స్వరపేటిక చచ్చుబడటం పొడుగాటి గుర్రాల జబ్బు. ఆ వైపు నరం మెడ గుండా ఛాతీలోకి దిగి, గుండె దగ్గర బృహద్ధమనిని చుట్టి, మళ్లీ గొంతు దాకా ఎక్కుతుంది. అంత పొడుగు నరం కొస నుంచి చచ్చుకుంటూ వస్తుంది. స్వరపేటికను తెరిచే కండ కరిగిపోతుంది. గుర్రానికి నోటితో గాలి పీల్చడం రాదు కదా, ఉన్న ఒక్క దారీ సగం మూసుకుపోతుంది. పరుగులో గాలి పీల్చినప్పుడల్లా రంపం కోసినట్టు మోత. జట్కాలకు కట్టే పొట్టి గుర్రాల్లో ఇది అరుదు. ఆ మాట నేను చదువుకునే రోజుల్లోనే తెలుసు. తెలిసీ అవసరానికి గుర్తు రాలేదు.

1984 వేసవి. పశువుల డాక్టరుగా నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. స్టేషన్ దగ్గర జట్కా తోలే ఒకాయన, పొద్దునపూట తుమ్మలపెంట నుంచి చేపల గంపలు తెచ్చేవాడు, గుర్రం ముందు కాలు కుంటుతోందని తీసుకొచ్చాడు. బయట గేదెలు, ఎద్దులు వరసలో ఉన్నాయి. బండి విప్పించే ఓపిక లేకపోయింది నాకు. కట్టి ఉండగానే కుడి వైపు నిలబడి మెడ సిరలోకి ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందు ఎక్కించడం మొదలుపెట్టా. గుర్రం తల విదిలించింది. సూది జరిగింది. వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూసుకోకుండా మిగతా మందు నెట్టేశా. ఆ మందు సిర దాటి బయట పడితే కండను కాల్చేస్తుంది.

నాలుగో రోజుకు మెడ వాచింది, చీము పట్టింది, తోలు ఊడింది. రోజూ కట్టు మార్చా. పుండు మానింది, బండాయన దణ్ణం పెట్టి వెళ్లాడు. నెలన్నరకు మళ్లీ వచ్చి, "సార్, ఇసుకలో బండి లాగేటప్పుడు రాజా గొంతులో ఈల మోగతా ఉంది" అన్నాడు. జలుబన్నా. మూడుసార్లు వస్తే మూడుసార్లూ జలుబుకే మందిచ్చా. ఆ ఏడాది చివర్లో మా సీనియర్ డాక్టరు ఒకాయన తనిఖీకి వచ్చినప్పుడు ఆ బండి ట్రంకు రోడ్డులో ఎదురైంది. ఆయన మోత విని ఆపించి, గొంతును రెండు చేతులతో తడిమి, "కుడి వైపు కండ లేదే. ఈ పక్క ఎప్పుడన్నా సూది వేశారా?" అన్నాడు. బండాయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశా. నోరు తెరవలేదు.

సిర పక్కనే, కొంచెం లోతులో, గొంతు నరం వెళ్తుంది. నా మందు దాన్ని కాల్చింది. సంక్రాంతి లోపల ఆయన రాజాను అయినకాడికి అమ్మేశాడు. ఎవరికని అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

అందుకే తల్లీ, కోసే ముందు అడగాల్సినవి అడుగు. ఎడమా, కుడా? కుడి వైపైనా, రెండు వైపులా అయినా పాత సంగతులు తవ్వు. మెడకు సూది వేశారా, వాచిందా, పురుగుల మందు తగిలిందా, కేసరి పప్పు మేసిందా? ఆ పప్పు తిన్న గుర్రాలకు గొంతు చచ్చుబడటం పాతకాలం నుంచీ తెలిసిందే. మత్తు ఇచ్చేటప్పుడు సిరలో క్యాథెటర్, అంటే సన్న గొట్టం, పెట్టాకే మందు ఎక్కించు. పక్కనున్న ధమనిలో పడితే గుర్రం అక్కడే కూలుతుంది. నిన్ను తొందరపెట్టేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా ఆగమని చెప్పు.

నీకు అసలే తొందర. ఆరేళ్లప్పుడు దూడ కాలికి కట్టు నేనే కడతానని ఏడ్చి మరీ కట్టావు. కదలకుండా కట్టించుకుందని నా మెడ చుట్టూ చేతులేసి ఊగావు. ఆ కట్టు అరగంటకే జారిపోయింది బుజ్జమ్మా. నువ్వు ఇంటికి పోయాక మళ్లీ నేను కట్టా. నీకు చెప్పడానికి మనసు రాలేదు.

ఇక ఈ జబ్బుకు చేసే టై బ్యాక్ ఆపరేషన్. 1970లో అమెరికా డాక్టర్లు రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. కండ చెయ్యాల్సిన పని దారం చేస్తుంది. స్వరపేటికలోని క్రికాయిడ్, అరిటినాయిడ్ అనే రెండు మెత్తటి ఎముకల (మృదులాస్థుల) మధ్య కుట్టు వేసి, బిగించి, ఆ పక్కను తెరిచి ఉంచుతారు. కష్టమంతా ఎంత బిగించాలన్న దగ్గరే. ఎక్కువ లాగితే గాలి బాగా ఆడుతుంది కానీ మింగేటప్పుడు గొంతు సరిగా మూసుకోదు. మేత, నీళ్లు శ్వాసనాళంలోకి జారి దగ్గు, ఒక్కోసారి న్యుమోనియా. బాగా వేసిన కుట్టు కూడా మొదటి ఆరు వారాల్లో కొంత సడలుతుంది. స్వరతంత్రి కూడా తీస్తే మోత తగ్గుతుంది, సకిలింపు మారిపోవచ్చు. మేత నేల మీదే పెట్టించు, ఎండుగడ్డి తడిపి వెయ్యమను, దుమ్ము లేని కొట్టంలో కట్టేయమను.

యజమాని పందెం ఎప్పుడని అడుగుతాడు. నువ్వు దగ్గు సంగతి, కుట్టు సడలే సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పు. నీ చేతిలో ఏదన్నా తప్పు జరిగితే ఆ పూటే చెప్పు, తెల్లారనివ్వకు. తిడతారు, తిట్టించుకో. ఆ బండాయన పోయి చాలా ఏళ్లయింది. నేను ఆయనకు చెప్పనేలేదు.

మొదటి ఆపరేషన్ ఎప్పుడో ముందురోజే నాకు చెప్పు. మత్తు దిగి గుర్రం లేచి నిలబడ్డాక ఫోన్ చెయ్. మొదటి మేత తిన్నాక దగ్గిందో లేదో అది కూడా చెప్పు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటా.

మీ మామయ్య