నోటిఫికేషన్ పడింది... ఏ నోటిఫికేషన్?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నోటిఫికేషన్‌కు సరైన తెలుగు మాట ఏది? నోటీసూ, నోటిఫికేషనూ ఒకటేనా? (ఉపాధ్యాయురాలు, తెనాలి)

జవాబు: వెనకటికి ఊళ్ళో దండోరా వేసి చాటింపు చేసేవారు చూడండి, అదే పని ఇది. పత్రికలు ‘ప్రకటన’ అని రాస్తాయి. ప్రభుత్వ కాగితాల్లో ‘అధిసూచన’ కనిపిస్తుంది కానీ ఆ మాట జనం నోట నానలేదు. మనవాళ్ళు పక్కన వాడే క్రియను బట్టే అర్థం తెలిసిపోతుంది. ‘గ్రూప్-2 నోటిఫికేషన్ పడింది’ అంటే కొలువులది. ‘నోటిఫికేషన్ మోగింది’ అంటే ఫోన్‌ది.

నోటీసు వేరు. అది ఫలానా వారికని పేరు పెట్టి పంపేది. నోటిఫికేషన్ అందరికీ కలిపి వెలువడేది. ప్రభుత్వ రాజపత్రమైన గెజిట్‌లో అచ్చయిందంటే అందరికీ తెలిసినట్టే చట్టం లెక్క. ‘నేను చూడలేదు’ అంటే సాధారణంగా చెల్లదు.

ఎన్నికల్లో షెడ్యూలునూ నోటిఫికేషన్‌నూ కలిపేస్తుంటారు. 2024లో లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వచ్చింది, ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) ఆ రోజే అమల్లోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాల నోటిఫికేషన్ మాత్రం ఏప్రిల్ 18న వెలువడింది. నామినేషన్లు మొదలయ్యేది నోటిఫికేషన్‌తోనే. అక్కడి నుంచి ఏడో రోజు, అంటే 25, నామినేషన్లకు ఆఖరు. మర్నాడు పరిశీలన. ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు గడువు. అది 28, ఆదివారం కావడంతో 29కి జరిగింది. పోలింగ్ మే 13.

ప్రశ్న: మా పంచాయతీ ఆఫీసు బోర్డుకు భూసేకరణకు 11(1) ప్రిలిమినరీ (ప్రాథమిక) నోటిఫికేషన్ అంటించారు. అందులో మా సర్వే నంబరు ఉంది. మాకు విడిగా నోటీసు ఇవ్వలేదు. ఇది చెల్లుతుందా? ఇప్పుడేం చేయాలి? (రైతు, నల్లగొండ జిల్లా)

జవాబు: చెల్లుతుంది. 11(1) అంటే 2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్. దాని ప్రకారం ఈ నోటిఫికేషన్‌ను గెజిట్‌లోనూ, ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లోనూ ప్రచురించాలి. ఆ రెండింటిలో ఒకటి ప్రాంతీయ భాషది కావాలి. పంచాయతీ, తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టర్ ఆఫీసుల్లో స్థానిక భాషలో పెట్టాలి. ఇంటింటికీ ఇవ్వాలన్న నియమం ఈ దశలో లేదు. కాబట్టి నోటీసు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.

ముందు ఆ కాగితానికి ఫోటో తీసుకుని, తేదీ కనిపించేలా ఒక కాపీ దాచుకోండి. తర్వాత మీ వరుస మీద వేలు పెట్టి చదవండి. సర్వే నంబరు పక్కన సబ్ డివిజన్ అక్షరం సరిగ్గా ఉందా? 112/అ, 112/ఆ తారుమారైతే పరిహారం పక్క రైతు పేరున పోతుంది. విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో చూడండి. 40 గుంటలు ఒక ఎకరం. ఆంధ్రాలో అయితే సెంట్లు, 100 సెంట్లు ఒక ఎకరం. 0.20 అన్న అంకె తెలంగాణలో అరెకరం, ఆంధ్రాలో ఎకరంలో ఐదో వంతు. చనిపోయిన తండ్రిగారి పేరే ఇంకా ఉంటే మరణ ధృవీకరణ, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రాలతో వారసత్వ మార్పుకు వెంటనే దరఖాస్తు పెట్టండి. బోరు, పైపులైను, చెట్లు ఎన్నో మీరూ రాసి పెట్టుకోండి.

అభ్యంతరానికి గడువు నోటిఫికేషన్ ప్రచురించిన నాటి నుంచి 60 రోజులు. కలెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు. విచారణకు మీరు వెళ్ళవచ్చు, వకీలును పంపవచ్చు. చాలామంది ఇక్కడే ‘ధర చాలదు’ అని మాత్రమే రాస్తారు. ఈ దశలో వినేది ఆ భూమి ఎంత అవసరం, ఆ పనికి సరిపోతుందా, ప్రజా ప్రయోజనం ఉందా వంటివే. ధర సంగతి తర్వాత సెక్షన్ 21 నోటీసు వచ్చినప్పుడు అడగాలి. ఆ నోటీసు పేరుపేరునా వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ నోటిఫికేషన్ వెలువడ్డాక కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమిని అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. బయానా ఇస్తామని వచ్చేవాళ్ళను నమ్మవద్దు.

మీ కాగితం మీద 11(1) బదులు ‘3ఎ’ అని ఉంటే అది జాతీయ రహదారుల చట్టం, 1956 కిందది. దానికి గడువు 21 రోజులే. తర్వాత వచ్చే 3డి ప్రకటనతో భూమి కేంద్రానికి చెందిపోతుంది. ఈ తేడా తెలియక రెండు నెలలు ఉందనుకుని నష్టపోవడం చాలా బాధాకరం.

ప్రశ్న: రద్దయిన నోటిఫికేషన్‌కు కట్టిన దరఖాస్తు కొత్తదానికి పనికొస్తుందా? (ఉద్యోగార్థి, వరంగల్)

జవాబు: ఆ నోటిఫికేషన్‌లోనే చెప్తారు. తెలంగాణ గ్రూప్-1 చూడండి. 2022 ఏప్రిల్ నాటి 04/2022 నోటిఫికేషన్ 503 పోస్టులది, రద్దయింది. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో 02/2024 వచ్చింది. పాతవాళ్ళకు ఫీజు మినహాయించారు కానీ దరఖాస్తు మళ్ళీ చేయాల్సి వచ్చింది. నంబరు మారితే అది కొత్త నోటిఫికేషనే అనుకోండి. వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారో కూడా అందులోనే చూడాలి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో పీడీఎఫ్ దొరక్కపోతే, వాట్సాప్‌లో వచ్చిన కాగితానికి ఒక్క రూపాయీ కట్టకండి.

ప్రశ్న: ఏదో సైట్‌లో ‘అలౌ’ నొక్కాను. ఇక ‘మీ ఫోన్‌లో వైరస్’ అని రోజంతా వస్తున్నాయి. (గృహిణి, విజయనగరం)

జవాబు: అవి వైరస్ వల్ల కాదు, ఆ సైట్‌కు మీరిచ్చిన అనుమతి వల్ల. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో పేరు తెలియనివన్నీ ఒక్కొక్కటే తెరిచి ఆపేయండి. జాబితాలో ఏమీ లేకపోతే పంపేది క్రోమ్ కాదు, ఏదో యాప్. అది మళ్ళీ వచ్చినప్పుడు దాని మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. పంపే యాప్ పేరు కనిపిస్తుంది, అక్కడే ఆపవచ్చు. ‘క్లీన్ చేయండి’ అనే బటన్ మాత్రం ముట్టుకోకండి.