కీమో అయ్యాక రొమ్ము క్యాన్సర్ మళ్ళీ ఎందుకొస్తుంది? స్టెమ్ సెల్స్‌కి మందు వచ్చిందా?

మీ అక్కకి కీమో పూర్తయిందనీ, స్టెమ్ సెల్స్ వల్ల మళ్ళీ వస్తుందని ఎవరో చెప్పారనీ రాశారు. నేను డాక్టర్‌ని కాదు. మాది గాజువాక. మా అమ్మకి ఆపరేషన్, కీమో అయ్యి నాలుగేళ్ళయింది. ఇదే టెన్షన్‌తో నేనూ రాత్రుళ్ళు కూర్చుని చదివాను.

గడ్డలో కణాలన్నీ ఒకలాంటివి కావు. 2003లో మిషిగన్ యూనివర్సిటీలో మైకేల్ క్లార్క్ బృందం వాటిని రకాలుగా విడదీసి ఎలుకలకు ఎక్కించింది. పైన సీడీ44 ప్రోటీన్ ఉండి, సీడీ24 లేనివీ బాగా తక్కువున్నవీ ఓ వంద కణాలు చాలు, కొత్త గడ్డ లేచింది. మిగతావి వేలకు వేలు ఎక్కించినా లేవలేదు. అలా గడ్డని మళ్ళీ లేపగలిగే కణాలనే క్యాన్సర్ స్టెమ్ సెల్స్ అంటారు. అమ్మకి తుంగతో పోల్చి చెప్పాను: పైన ఎంత పీకినా మట్టిలో గడ్డ ఉంటే మళ్ళీ మొలుస్తుంది. కీమో ముఖ్యంగా చకచకా పెరిగే కణాలను కొడుతుంది. ఇవేమో చాలావరకు నిద్రలో ఉంటాయి, పైగా లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తాయి.

2009లో అమెరికాలో సుమారు 16,000 రసాయనాలు పరీక్షిస్తే, ఇలాంటి కణాలను చంపడంలో సాలినోమైసిన్ ముందు నిలిచింది. ఆ పేరు నాకు కొత్త కాదు. ఆనందపురం దగ్గర మా మావయ్య కోళ్ళ ఫారంలో దాణా బస్తాకి కుట్టిన చీటీ మీద చూశాను! కోళ్ళకి రక్త విరేచనాలు రాకుండా కలుపుతారు. "అయితే ఆ దాణా..." అంది అమ్మ ఆశగా. గుర్రం తింటే చచ్చిపోతుందమ్మా అన్నాను.

ఈ స్టెమ్ సెల్స్ వాడుకునే నాచ్ అనే సంకేతాన్ని ఆపే మందులూ ప్రయత్నించారు. పేగు పొరకీ ఆ సంకేతమే కావాలి కాబట్టి రోగులకి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకో చిక్కు, మామూలు క్యాన్సర్ కణాలే ఒక్కోసారి స్టెమ్ సెల్స్‌గా మారిపోతాయి. నా తుంగ పోలిక అక్కడ పనిచేయదు.

ఒక జాగ్రత్త. ఇక్కడే ఒక క్లినిక్ వాళ్ళు "స్టెమ్ సెల్ థెరపీ" అని మాకు రెండు లక్షల ప్యాకేజీ చెప్పారు. అడిగితే తేలిందేంటంటే, అది స్టెమ్ సెల్స్ ఎక్కించేది, ఇక్కడ చంపాల్సిన వాటికీ దానికీ సంబంధమే లేదు. లేచి వచ్చేశాం.

అమ్మ రోజూ వేసుకునే, హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే మాత్ర మాత్రం మానలేదు. మీ అక్క బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ (కణాల్లో హార్మోన్లను పట్టుకునే ప్రోటీన్లు), హెర్2 (కణం పెరగడానికి తోడ్పడే ఇంకో ప్రోటీన్) ఎదురుగా ఏం రాసుందో చూడండి. తర్వాత ఏ మందు అనేది డాక్టర్లు వాటిని బట్టే చెప్తారు, సీడీ44ని బట్టి కాదు.