హార్మోను మాత్రలు గుండెకు కాపలా కాస్తాయా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 52 ఏళ్లు. నెలసరి ఆగి రెండేళ్లయింది. అర్ధరాత్రి ఒంట్లోంచి సెగలు పుట్టి, జాకెట్టు చెమటతో తడిసిపోతే వీధి అరుగు మీదకు వచ్చి కూర్చుంటున్నాను. అమలాపురంలో చూపించుకుంటే హార్మోను మాత్రలు వాడమన్నారు. వాటితో గుండెపోటు వస్తుందని మా తోటికోడలు అంటోంది. గుండెకు కూడా మంచివేనని మందుల షాపు ఆయన అన్నారు. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. మా అక్కయ్యకు 38వ ఏట గర్భసంచి తీసేశారు. ఇప్పుడు తనకు 60. గుండె కోసం తానూ వాడవచ్చా అని అడుగుతోంది.
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: షాపు ఆయనది 1990ల నాటి నమ్మకం, మీ తోటికోడలిది 2002 నాటి భయం. నెలసరి ఉన్నన్నాళ్లూ స్త్రీలకు గుండెజబ్బు పురుషులకంటే తక్కువగా వస్తుంది, ఆగాక ఆ తేడా తరిగిపోతుంది. కాబట్టి నెలసరి ఆగాక తగ్గిన ఈస్ట్రోజన్‌ను (అండాశయాలు తయారుచేసే హార్మోను) మాత్రగా ఇస్తే చాలునని వైద్యులు అనుకున్నారు. మాత్రలు వాడేవారిలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది కూడా. అయితే వారిలో చాలామంది మొదటి నుంచీ చదువు, డబ్బు, ఆరోగ్యం పట్ల శ్రద్ధ ఉన్నవారే అన్న సంగతికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు.

2002లో అమెరికాలో, 16,608 మందిపై జరుగుతున్న ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ ప్రయోగంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ అనే మరో స్త్రీ హార్మోను లాంటి మందు) కలిసిన మాత్ర వేసుకున్నవారికి ఏడాదికి ప్రతి 10,000 మందిలో గుండెజబ్బులు 7, పక్షవాతాలు 8, రొమ్ము క్యాన్సర్లు 8 అదనంగా తేలడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ వార్త మన ఊళ్ల దాకా వచ్చేసరికి అంకెలు జారిపోయి భయం మాత్రమే మిగిలింది. అందులో చేరినవారి సగటు వయసు 63 అన్నది అసలే చేరలేదు. తరువాత వయసువారీగా లెక్కలు చూసినప్పుడు, 60 ఏళ్లలోపు లేదా నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన వారిలో గుండెపోటు ముప్పు పెరిగినట్లు కనిపించలేదు. రక్తనాళాల్లో అప్పటికే కొవ్వు పూడిక ఉన్న వయసులో కొత్తగా హార్మోను మొదలుపెట్టడంలోనే చిక్కు ఉందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

కనుక మీ వయసుకు, మీ సెగలకు ఆ చికిత్స తగినదే. సెగలను అంతగా తగ్గించే మందు మరొకటి లేదు. కానీ గుండెను కాపాడుతుందన్న ఆశతో మాత్రం వాడకండి, ఆ పనికి దాన్ని ఏ వైద్య మార్గదర్శకమూ సిఫారసు చేయడం లేదు. ముందు మీ బీపీ అదుపులో ఉండాలి. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ తప్పనిసరి, లేకపోతే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మాత్రగా మింగిన ఈస్ట్రోజన్ కాలేయం మీదుగా వెళ్లి రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. చర్మానికి రాసుకునే జెల్‌లో ఆ బెడద తక్కువ కనుక, బీపీ ఉన్న మీరు దాని గురించి మీ డాక్టరును తప్పక అడగండి. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో రక్తపు గడ్డలు ఎప్పుడైనా వచ్చి ఉంటే, కారణం తెలియని రక్తస్రావం ఉంటే ఈ చికిత్స పనికిరాదు.

మీ అక్కయ్య సంగతి వేరు. గర్భసంచి తొలగింపులు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఇక్కడ 8.9 శాతం మందికి ఆ ఆపరేషన్ అయింది. వారిలో చాలామందిని ‘అండాశయాలు కూడా తీశారా?’ అని అడిగితే ‘ఏమోనమ్మా, సంచి తీశారు’ అంటారు. బియ్యం డబ్బా అడుగున దాచిన డిశ్చార్జి కాగితం దొరికితే అందులో ఉంటుంది, చూడండి. రెండు అండాశయాలూ తీసి ఉంటే ఆమెకు 38వ ఏటనే మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగే దశ) వచ్చినట్లు. అంత చిన్న వయసులో వస్తే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఆనాడే మొదలుపెట్టి, సహజంగా నెలసరి ఆగే 50 ఏళ్ల ప్రాంతం వరకూ హార్మోను ఇచ్చి ఉండవలసింది. 22 ఏళ్లు గడిచాక గుండె కోసం మొదలుపెట్టడం మాత్రం మేలు కన్నా కీడే. ఆమెకు ఇప్పుడు కావలసినవి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు, అవసరమైతే వాటికి మందులు, కాలువగట్టు మీద రోజూ అరగంట నడక. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఒకే కంచంలోకి రాకపోతే బీపీకి ఎంతో మేలు.

స్త్రీలకు గుండెపోటు ఎప్పుడూ ఛాతీ పట్టేసినట్లే రాదు. దవడ లాగడం, ఆయాసం, వాంతి వచ్చినట్లుండడం, ఎన్నడూ లేని నీరసం కూడా దాని లక్షణాలే. గ్యాసేమోనని సోడా తాగి పడుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయమని మీ అక్కయ్యకూ, తోటికోడలికీ చెప్పండి.