180 గాలన్ల రీఫ్ ట్యాంకులో ఒకదానితో ఒకటి పడే చేపలు: మీ లిస్టు మీద నా మాట

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడాలు) కూడా పెంచే ఉప్పునీటి అక్వేరియం, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంటే 180 గాలన్లు, దాదాపు 680 లీటర్లు. సైక్లింగ్ (చేపల వ్యర్థాలని విరగ్గొట్టే బ్యాక్టీరియా నీళ్ళలో స్థిరపడే దశ) అయిపోయింది. సాఫ్ట్ కోరల్స్ కొన్ని, హ్యామర్, టార్చ్ లాంటి కండగల కోరల్స్ కొన్ని పెట్టారు. చేపల లిస్టులో క్లౌన్ ఫిష్ జత, బ్లూ ట్యాంగ్, యెల్లో ట్యాంగ్, పర్పుల్ ట్యాంగ్, పౌడర్ బ్లూ ట్యాంగ్, పది గ్రీన్ క్రోమిస్, సిక్స్‌లైన్ ర్యాస్, మాండరిన్, కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై, ఎంపరర్ ఏంజెల్, లయన్ ఫిష్, క్లౌన్ ట్రిగ్గర్ ఉన్నాయి. ఏ చేప దేనితో పడుతుందో చెప్పే కంపాటిబిలిటీ చార్టు చూస్తే సగం గళ్ళలో "జాగ్రత్త" అనే ఉంది, ఏం చేయాలో తెలియట్లేదు అన్నారు.

నేను డాలస్ దగ్గర ఉంటాను, ఇదే సైజు ట్యాంకు కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. ఆ చార్టులు తప్పని అనను కానీ, వాటిలో ఒక ముఖ్యమైన సంగతి ఉండదు: ఏ చేప ముందు వెళ్ళింది, ఏది తర్వాత వెళ్ళింది అన్నది. అవే చేపలు ఒక వరసలో వేస్తే హాయిగా ఉంటాయి. వరస మారితే వారం తిరిగేసరికి రెండు మూడు మూలన నక్కి తిండి మానేస్తాయి. ముందు లిస్టు వడగడదాం, తర్వాత వరస సంగతి.

క్లౌన్ ట్రిగ్గర్‌ని మొదటే కొట్టేయండి. షాపులో వేలెడంత ఉన్నప్పుడు ముద్దొస్తుంది, ఒప్పుకుంటాను. పెరిగితే అడుగున్నర దాకా పోతుంది, నత్తలు, రొయ్యలు, పీతలు ఒక్కదాన్ని మిగల్చదు. ట్రిగ్గర్ ఉండాల్సిందే అనిపిస్తే బ్లూ థ్రోట్ ట్రిగ్గర్ చూడండి. అది నీళ్ళలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ తినే రకం, కోరల్స్ జోలికి పోదు. లయన్ ఫిష్ కూడా కోరల్స్‌ని ముట్టుకోదు, అందుకే కొన్ని చార్టుల్లో దానికి పాస్ మార్కులు పడతాయి. కానీ నోట్లో పట్టే చేప ఏదైనా దానికి తిండే. పైగా దాని ముళ్ళలో విషం ఉంటుంది. ఇంట్లో పిల్లలున్నారని రాశారు, ట్యాంకులో చేతులు పెట్టే పని వారం వారం ఉంటుంది, ఎందుకొచ్చిన టెన్షన్?

ఎంపరర్ ఏంజెల్ వద్దనడం నాకే కష్టంగా ఉంది. పిల్లగా ఉన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లటి వలయాలు, పెద్దయ్యాక నీలం మీద పసుపు చారలు. ఆ రంగు మారడం ఇంట్లో చూడాలని ఎవరికి ఉండదు? కానీ అది అడుగు దాటి పెరుగుతుంది, కండగల కోరల్స్‌ని గిల్లి తింటుంది. హ్యామర్, టార్చ్ ఖరీదు మీకు తెలుసు కదా. ఏంజెల్ కావాలంటే జెనికాంథస్ రకాలు ఉన్నాయి, లమార్క్ ఏంజెల్ లాంటివి. ఇవి కూడా ప్లాంక్టన్ తినేవే, రీఫ్ ట్యాంకులో నాకు నమ్మకమున్న ఏంజెల్స్ ఇవొక్కటే. కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ లాంటి చిన్న ఏంజెల్స్ గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకటి జీవితాంతం నాచు తిని బతికేస్తుంది, ఇంకొకటి ఆరు నెలలు బుద్ధిగా ఉండి హఠాత్తుగా జోయాంథిడ్స్ అనే చిన్న పూలలాంటి కోరల్స్ మీద పడుతుంది.

ఇక ట్యాంగులు. నాలుగు రాశారు, అసలు చిక్కంతా ఇక్కడే. ట్యాంగుకి తన ఆకారంలో ఉండి, తన తిండే తినేదాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. యెల్లో, పర్పుల్ రెండూ జెబ్రసోమా ప్రజాతివే. అదే గుండ్రటి పలచటి ఒళ్ళు, అదే సాగిన మూతి, అదే నాచు. ఆ రెండిటి మధ్యా నిజంగానే పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆరడుగుల్లో వాటిలో ఒకటే పెట్టుకోండి. నేనైతే యెల్లో అంటాను. హవాయిలో 2017లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్వేరియం చేపల వేటకు పర్మిట్లు ఆగిపోయాయి, యెల్లో ట్యాంగు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. ధర అప్పట్లో చుక్కలంటింది. అయితే 2015లోనే హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దాన్ని గుడ్డు దశ నుంచి పెంచి చూపించారు, ఇప్పుడు ఫారంలో పుట్టిన పిల్లలు మార్కెట్లో దొరుకుతున్నాయి. చిన్నవిగా వస్తాయి, పెల్లెట్లు తినడం అలవాటై వస్తాయి. చిన్నప్పుడే వచ్చిన ట్యాంగుకి పెత్తనం కూడా ఆలస్యంగా వస్తుంది.

బ్లూ ట్యాంగు ఉంచండి, ఒక్కటే. అడుగు దాకా పెరిగే చేప, ఈదడానికి ఆరడుగుల పొడవు దానికి కనీసం అనుకోండి. రాత్రిపూట రాళ్ళ సందులో పక్కకి ఒరిగి పడుకుంటే చచ్చిపోయిందని కంగారుపడొద్దు, దాని పడకే అంత. మూడోదిగా కోలే ట్యాంగు పెట్టుకోండి. దాని పళ్ళు దువ్వెన పళ్ళలా సన్నగా ఉంటాయి, రాళ్ళ మీదా అద్దం మీదా పట్టే పలచటి నాచుని గీకి తింటుంది. మిగతా రెండిటి తిండికి పెద్దగా పోటీ రాదు. మూడు ప్రజాతులు, మూడు ఆకారాలు. పౌడర్ బ్లూ మాల్దీవులు, మన లక్షద్వీప్ వైపు చేప. అందంలో దానికి సాటి లేదు, వైట్ స్పాట్ (ఒంటి మీద తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవి జబ్బు) తగులుకోవడంలోనూ దానికి సాటి లేదు, పెత్తనం మూడో గుణం. మనసు చంపుకోలేకపోతే బ్లూ ట్యాంగు మానేసి, దీన్ని అన్నిటికంటే చివర వేసుకోండి.

ట్యాంగుల కోపం ఎలా ఉంటుందో చెప్తాను. యెల్లో స్థిరపడిన తర్వాత మా ట్యాంకులోకి కోలేని దించినప్పుడు, యెల్లో నేరుగా మీదికి పోలేదు. పక్కకి తిరిగి, వీపు రెక్కా కింది రెక్కా పూర్తిగా విప్పి, ఉన్నదానికి రెట్టింపు కనపడేలా నిలబడింది. అలాగే మెల్లగా వెనక్కి జరుగుతూ తోక వైపు కొత్తదాని దగ్గరికి తెచ్చి, ఒక్కసారి ఝాడించింది. ట్యాంగుకి తోక మొదట్లో రెండు పక్కలా పదునైన ముల్లు ఉంటుంది. కోలే అప్పటికి తూట్లున్న పారదర్శకపు డబ్బాలో ఉంది కాబట్టి ఆ దెబ్బ ప్లాస్టిక్‌కి టక్కుమని తగిలింది. గదిలో ఉన్న నాకు వినపడింది. యెల్లో ఆ డబ్బా వైపు రావడం మానేశాకే మూత తీశాను. ఆక్లిమేషన్ బాక్స్ అని షాపుల్లో అమ్మేది ఇదే. ట్యాంగు కొనేవాళ్ళు చేప కంటే ముందు ఇది కొనాలి. ఇంకొకటి, ట్యాంగుని వలతో పట్టకండి. ఆ ముల్లు వలలో చిక్కుకుంటే చేపా చిరుగుతుంది, మీ వేలూ తెగుతుంది. ఏదైనా ప్లాస్టిక్ డబ్బాతో నీళ్ళతో సహా ఎత్తండి.

సిక్స్‌లైన్ ర్యాస్ గురించి షాపువాళ్ళు మంచే చెప్తారు, చిన్న చిన్న పురుగులు తింటుందని. నిజమే. కానీ ఏకై వచ్చి మేకై కూర్చునే రకం. తర్వాత వచ్చే ప్రతి చిన్న చేపనీ తరుముతుంది, దాన్ని తిరిగి పట్టుకోవాలంటే రాళ్ళన్నీ బయటికి తీయాలి. ఆ పనే మెలనూరస్ ర్యాస్ చేస్తుంది, నత్తలని పీల్చే చిన్న పరాన్నజీవి నత్తలనీ ఫ్లాట్‌వర్మ్‌లనీ ఏరుకు తింటుంది, స్వభావం కాస్త మెత్తన. దానికి రెండంగుళాల ఇసుక ఉండాలి, లైట్లు ఆరగానే అందులోకి దూరి పడుకుంటుంది. రంగుల కోసమైతే ఫెయిరీ ర్యాస్‌లు ఒకటో రెండో వేసుకోండి. ట్యాంకులో నాకు కళ్ళు తిప్పుకోనివ్వనివి అవే.

పది క్రోమిస్ గుంపుగా తిరుగుతాయని అందరూ కొంటారు. కొన్నాళ్ళకి తమలో తాము గొడవపడి ఒక్కొక్కటే తగ్గుతూ, ఆఖరికి రెండో మూడో మిగలడం చాలామంది ట్యాంకుల్లో చూశాను. గుంపు కావాలంటే లైర్‌టెయిల్ ఆంథియాస్ నయం. ఒక మగది, నాలుగైదు ఆడవి. ఆడవి నారింజ రంగు, కంటి కింద ఊదా గీత. మగది ముదురు గులాబీ, వీపు రెక్క ముందు భాగంలో ఒక పొడవాటి పోగు లేస్తుంది. మగది పోతే గుంపులో పెద్ద ఆడది కొన్ని వారాల్లో మగదిగా మారిపోతుంది. రెండు మగవి మాత్రం వేయకండి. వీటికి ఉన్న చిక్కల్లా ఆకలి, రోజుకి రెండు మూడు సార్లు పెట్టాలి. ఆఫీసుకి పోయే ఇంట్లో ఆటో ఫీడర్ లేకుండా ఆంథియాస్ పెట్టుకోవద్దు.

మాండరిన్, కాపర్‌బ్యాండ్ ఈ రెండూ వేరే రకం చేపలతో పెద్దగా గొడవపడవు. చార్టులో అందుకే మిగతా చేపల పక్కన వాటికి పెద్దగా ఎర్ర గుర్తులు ఉండవు. కానీ పక్కచేప కొట్టకుండానే ఇవి చస్తాయి, ఆకలితో. మాండరిన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ళ మీద కోపెపాడ్స్ (కంటికి ఆనీ ఆనని రొయ్యల్లాంటి జీవులు, పాడ్స్ అంటారు) ఏరుకుంటూనే ఉంటుంది. కొత్త ట్యాంకులో అవి సరిపోయేంత ఉండవు, ఉన్న కాసినీ ర్యాస్‌లు తినేస్తాయి. కాబట్టి ట్యాంకు ఏడాది దాటనివ్వండి, సంప్‌లో (ట్యాంకు కింద నీళ్ళు శుభ్రమయ్యే తొట్టిలో) నాచు పెంచే అర, అంటే రెఫ్యూజియం పెట్టండి, ఫారంలో పుట్టి ఫ్రోజెన్ తిండికి అలవాటైన పిల్లని అడిగి కొనండి. కాపర్‌బ్యాండ్ వేరే కథ. అది ఐప్టేసియాని (కోరల్స్‌ని కుట్టే, కలుపులా పెరిగే సీ అనెమోన్) తింటుందని కొంటారు, కొన్ని తింటాయి, కొన్ని కన్నెత్తి చూడవు. కొనేముందు షాపులో మీ ఎదురుగా తినిపించి చూపించమనండి. తినకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేసి రండి. ఇంటికి తెచ్చాక తెరిచిన క్లామ్ (ఆల్చిప్ప) ఒకటి రాయి మీద పెడితే, ఆ పొడవాటి మూతితో గిల్లుతూ మొదలుపెడుతుంది. కానీ ట్యాంగులూ ఆంథియాసూ ఉన్న ట్యాంకులో దాని మూతి చేరేలోపు పెంకు ఖాళీ అయిపోతుంది.

అందుకే వరస. ముందుగా ఫారంలో పుట్టిన క్లౌన్ పిల్లలు రెండు. ఒసెల్లారిస్ అయితే మంచిది, మరూన్ క్లౌన్ వద్దు, దాని కోపానికి ఆరడుగులు చాలవు. రెండిట్లో పెద్దది ఆడదవుతుంది, జత దానంతటదే కుదురుతుంది. వాటితోపాటే ఒక వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్య. రొయ్య బొరియ తవ్వుతుంది, చూపు సరిగా ఆనని ఆ రొయ్యకి గోబీ కాపలా కాస్తుంది. తర్వాత కాపర్‌బ్యాండ్, పోటీ లేని ట్యాంకులో తిండి నేర్చుకోవడానికి. అది కుదురుకున్నాక ఆంథియాస్ గుంపు, ఆ తర్వాత ర్యాస్‌లు. ట్యాంగులు మూడూ చివరన, వీలైతే ఒకే రోజు. మాండరిన్ వంతు పాడ్స్ నిండుగా కనపడినప్పుడే, అది ఎప్పుడైనా సరే. ముందొచ్చిన చేప జనరల్ బోగీలో సీటు దొరికినవాడు చూసినట్టే చూస్తుంది ఎక్కేవాళ్ళని, అందుకే పెత్తనం చేసేవాళ్ళకి ఆ సీటు ముందే ఇవ్వకూడదు. ఇప్పటికే యెల్లో ట్యాంగు ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, కొత్త ట్యాంగు వేసేరోజు బయటనుంచి అద్దానికి ఒక ముఖం చూసుకునే అద్దం ఆనించండి. పాత చేప తన నీడతో యుద్ధం చేస్తూ ఉండగా కొత్తది ఊపిరి తీసుకుంటుంది. నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) షీటు రెండు క్లిప్పులకి పెట్టి ట్యాంకు రెండు చివర్లా తగిలించండి, ఒక్క క్లిప్పు ఉంటే ఒక్క చేపే తింటుంది.

మొత్తం పదిహేను, పదహారు చేపలు దాటనివ్వకండి. మీ స్కిమ్మర్ (నురగతో నీళ్ళలోని మురికి తీసే పరికరం) ఇంకా ఎక్కువ మోస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది, నమ్మొద్దు.

క్వారంటైన్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా వదలలేను. వైట్ స్పాట్ ఒక్క చేపతో వచ్చినా, రీఫ్ ట్యాంకులో రాగి మందు వేయలేరు, రొయ్యలు, నత్తలు, కోరల్స్ పోతాయి. అప్పుడు చేపలన్నిటినీ బయటికి తీసి, మెయిన్ ట్యాంకుని చేప లేకుండా వదిలేయాలి. హాబీలో అందరూ చెప్పే లెక్క 76 రోజులు. రాళ్ళ మధ్య నుంచి పదిహేను చేపల్ని పట్టడం మాటలు కాదు. అందుకే కొత్త చేపని ముందు విడిగా ఉంచాలి. దానికి పక్కన ఒక చిన్న ట్యాంకు, హీటర్, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు ఉంటే చాలు. ట్యాంగులని అయితే అక్కడ చూసుకోకుండా లోపల వేయకండి. మాండరిన్‌కి, ర్యాస్‌లకి రాగి పడదు, వాటికి మందు విషయంలో మోతాదు జాగ్రత్త. ట్యాంకు పైన సన్నకన్ను వల మూత బిగించండి. ర్యాస్‌లు, గోబీలు ట్యాంకులోంచి ఎగిరి బయటపడుతుంటాయి, వైరు దూరేంత సందు ఉన్నా చాలు వాటికి.

ఇండియా నుంచి చదివేవాళ్ళకి ఒక్క మాట. చేపల సంగతి పైన చెప్పినట్టే, కోరల్స్ సంగతి వేరు. రీఫ్ కట్టే పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేరాయి. మన సముద్రంలోంచి తీసి అమ్మేవి కొంటే కేసవుతుంది. అక్కడ చేపలు మాత్రమే ఉండే ట్యాంకు పెట్టుకోవడం మేలు. క్లౌన్ ఫిష్‌ని ట్యాంకులోనే పుట్టించి పెంచే పద్ధతిని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు మన దగ్గరే అభివృద్ధి చేశారు, అలా పుట్టినవే అడగండి. కోరల్స్ లేవు కాబట్టి నేను పైన వద్దన్న ఎంపరర్ ఏంజెల్, ట్యాంకు ఇంకా పెద్దదైతే, మీకు కుదురుతుంది.