ఆఫీసు మెయిల్ సర్వర్‌కు బయటి మెయిళ్లు రాకపోతే

లోపలి మెయిళ్లు సక్రమంగా తిరుగుతూ, రౌటర్‌లో 25వ పోర్టును (సర్వర్లు మెయిళ్లు ఇచ్చిపుచ్చుకునే ద్వారం) సర్వర్‌కు ఫార్వర్డ్ చేసిన తరువాత కూడా బయటి నుంచి ఒక్కటీ రావడం లేదంటే, లోపం పోస్ట్‌ఫిక్స్‌లో (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) కాక కనెక్షన్‌లో ఉండే అవకాశమే ఎక్కువ: మీకు సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల చిరునామా) లేకపోవచ్చు.

1. చాలామంది వదిలేసే పని ఇదే. రౌటర్ స్టేటస్ పేజీలోని వ్యాన్ ఐపీని (ప్రొవైడర్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామా), బయటి వెబ్‌సైట్లకు కనిపించే మీ ఐపీతో పోల్చి చూడండి. రెండూ వేరై, రౌటర్‌లోనిది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, మీ ప్రొవైడర్ ఒకే చిరునామాను అనేకమంది చందాదారులకు పంచుతున్నారని అర్థం. అప్పుడు బయటి కనెక్షన్ మీ రౌటర్ గడప దాకా రాదు కనుక, పోర్టును ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసినా ఫలితం ఉండదు. రౌటర్‌లోని ఐపీ 192.168తో మొదలైతే, ముందున్న మోడెమ్ కూడా రౌటర్‌గా పనిచేస్తున్నట్టే. దానిని బ్రిడ్జ్ మోడ్‌కు (రౌటర్ పని మాని కనెక్షన్‌ను నేరుగా మీ రౌటర్‌కు అందించే అమరిక) మార్చండి.

2. మొదటి సందర్భంలో, అంటే చిరునామాను పంచుతున్నప్పుడు, ప్రొవైడర్ నుంచి స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) తీసుకోండి. 25వ పోర్టును రెండు వైపులా తెరవమనీ, పీటీఆర్ రికార్డును (ఐపీ ఏ పేరుదో చెప్పే నమోదు) మీ సర్వర్ పేరుతో పెట్టమనీ అప్పుడే రాతపూర్వకంగా కోరండి. పీటీఆర్‌ను సాధారణంగా డొమైన్ కొన్న చోట మార్చలేము.

3. మీ డొమైన్ ఎంఎక్స్ రికార్డు (మెయిళ్లు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే నమోదు) సర్వర్ పేరునూ, ఆ పేరు కొత్త ఐపీనీ చూపాలి.

4. ఆఫీసు బయట ఉన్న యంత్రం నుంచి టెల్నెట్‌తో (పోర్టుకు నేరుగా కనెక్ట్ అయ్యే కమాండు) 25వ పోర్టును పలకరించండి. లోపలి నుంచి చేసే పరీక్షను నమ్మకండి, లోపలి నుంచి పబ్లిక్ ఐపీకి వెళ్లే కనెక్షన్‌ను అనేక రౌటర్లు తిరిగి లోపలికి పంపవు. 220తో మొదలయ్యే వరుస కనిపిస్తే, మెయిళ్లకు దారి తెరుచుకున్నట్టే.