ప్రాతికామి మళ్ళీ అడిగిన ప్రశ్న

చెన్నై

చిరంజీవికి,

నీ కథ అందింది. రాత్రి కరెంటు పోతే టార్చి వెలుగులో ముగించాను. సభలో ద్రౌపది చేత నాలుగు పేజీలు మాట్లాడించావు. బాగా రాశావు, కానీ అవి ఆవిడ మాటలు కావు. పదిమంది ముందు అరిచిన మీ మేనేజరుకు నువ్వు చెప్పలేకపోయినవి. ఉత్తరం చివర నువ్వే ఒప్పుకున్నావుగా! పైగా మనసు కుదుటపడటానికి గీతలో ఏ అధ్యాయం చదవాలని అడిగావు.

పురాణాన్ని మందుల షాపు చెయ్యకు నాయనా. ఈ నొప్పికి ఈ శ్లోకం అని చదివినవాళ్ళు శ్లోకాలు చక్కగా అప్పజెబుతారు, అంతవరకే.

సభాపర్వం మళ్ళీ తెరువు. నన్నయ తెలుగు, వ్యాసుడి మూలం పక్కపక్కన పెట్టుకో. ఈసారి ద్రౌపదిని వదిలి ప్రాతికామిని పట్టుకో. ఆవిణ్ణి పిలుచుకురమ్మని దుర్యోధనుడు పంపిన సేవకుడు. ఆవిడ రాలేదు. ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా, ధర్మరాజునే అడిగి రమ్మని తిప్పి పంపింది. వచ్చి అడిగాడు. ధర్మరాజు నోరు మెదపలేదు. దుర్యోధనుడు మళ్ళీ పంపాడు, వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత కూడా పొమ్మంటే మాత్రం, మూలంలో, ద్రౌపది కోపానికి భయపడి, మానం వదిలి, సభ్యుల వైపు తిరిగి 'కృష్ణకు నేనేమని చెప్పను?' అని అడుగుతాడు. కృష్ణ అంటే ద్రౌపదే. 'మానం వదిలి' అన్నాడు వ్యాసుడు. భీష్మద్రోణులు కిమ్మనని చోట ఆ జీతగాడు భయపడుతూనే అడిగాడే, దాన్ని నేనైతే ఆత్మగౌరవమే అంటాను. వ్యాసుడితో పేచీ అనుకో.

సభకీ అంతఃపురానికీ ఎంత దూరమో పుస్తకంలో ఉండదు. అది నువ్వు నడవాలి, అతని కాళ్ళతో.

కోడంబాకంలో డబ్బింగు మాటలు రాసే రోజుల్లో నేనూ ఒకసారి నడిచాను. 'ఆ ముసలావిణ్ణి రేపట్నించి రావద్దని చెప్పు' అన్నాడు నిర్మాత. ఆవిడ బయట బెంచీ మీద మజ్జిగ సీసా పక్కన పెట్టుకుని మాటలు వల్లె వేసుకుంటోంది. చెప్పేశాను. కాగితాలు నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి, 'భోంచేశావా బాబూ?' అంది. లోపలికి వెళ్ళి, ఎందుకని చెప్పమంటారని ఆయన్ని అడగొచ్చునని నాకు తట్టనే లేదు. అప్పటికే సభాపర్వం రెండుసార్లు చదివినవాణ్ణి. ప్రాతికామి దగ్గర ఆగింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి.

నీ కథలో నువ్వు ద్రౌపదివే అయ్యావు. ఎప్పుడైనా ఎవరి మాటైనా మోసుకెళ్ళి ఎవరి ముందైనా పెట్టావా? అక్కణ్ణించి మొదలుపెట్టు. ఆ నాలుగు పేజీలూ కొట్టెయ్. ద్రౌపది ప్రశ్న ఒక్కటీ ఉంచు.

తిరగరాశాక శనివారం సాయంత్రం ట్రిప్లికేను పార్థసారథి గుడికి రా. ఉత్సవమూర్తి ముఖం మీద మచ్చలుంటాయి, భీష్ముడి బాణాల దెబ్బలంటారు. దూరాన్నించి తెలియవు, హారతివేళ కాస్త ముందుకు జరగాలి. కథ ప్రింటు తీసుకురా. ఫోనులో అక్షరాలు నా కళ్ళకి ఆనవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు